సుసన్నక్క నూరిన వెండి

గోదావరిఖనిలో యాభై దాటిన బొగ్గుబాయి కార్మికుణ్ని ఎవరినైనా బాగా నవ్వించి చూడండి. నోరు పూర్తిగా తెరుచుకున్నాక వెనక దవడల్లో ఒకటో రెండో బూడిదరంగు మచ్చలు కనిపిస్తాయి. పుచ్చిన పంటిని తొలిచి ఆ గుంతలో నింపిన వెండి అది. ఊళ్లో పళ్ల డాక్టర్లు చాలామందే ఉన్నారు. కానీ ఆ మచ్చల్లో సగానికి సగం ఒకే మనిషి చేతి మీదుగా వెళ్లాయంటే కొత్తవాళ్లు నమ్మరు. ఆ మనిషి డాక్టరు కూడా కాదు. చౌరస్తా దాటాక ఒక మందుల దుకాణం పైన, ఇరవై మెట్లెక్కితే ఒక చిన్న పళ్ల క్లినిక్ వస్తుంది. అందులో ఇరవై ఎనిమిదేళ్లుగా డాక్టరు కుర్చీ పక్కన నిలబడుతున్న సుసన్నా ఆమె. పేషెంట్లందరికీ సుసన్నక్క.

పంటిలో పెట్టేది డాక్టరే, కాదనను. కానీ పెట్టే ముద్దను తయారుచేసేది సుసన్నా. గాజు కల్వంలో వెండి పొడి ఇంత, పాదరసం ఇంత వేసి, వేలెడంత గాజు రోకలితో నూరాలి. తక్కువ నూరితే ముద్ద ఇసుకలా రాలిపోతుంది. ఎక్కువ నూరితే పట్టుకు లొంగదు. కుదిరిందో లేదో ఆమెకు కళ్లు చెప్పవు, చెవులు చెబుతాయి. నూరినదాన్ని గుడ్డలో మూటగట్టి వేళ్ల మధ్య పిండుతుంది. ఎక్కువైన పాదరసం చుక్కలు చుక్కలుగా కింద పెట్టిన పాత కెమెరా రీలు డబ్బాలో పడుతుంది. చివర్లో ముద్ద కిర్రుమని సన్నగా మూలుగుతుంది. ఆ మూలుగు వినగానే ఆమె డాక్టరు వైపు తిరిగి తలూపుతుంది. ఆమె తలూపకుండా ఆ క్లినిక్‌లో పన్ను నిండేది కాదు.

ఆమెది పుట్టుకతోనే ప్రశ్నల బుర్ర. శ్రీరాంపూర్ కాలనీలో పుట్టింది, తండ్రి బాయిలో పనిచేసేవాడు. పదేళ్లప్పుడు సండే స్కూల్లో లేచి నిలబడి, జలప్రళయంలో చేపలకు నష్టమేంటి, నోవహు వాటి సంగతి ఏం చేశాడని అడిగితే టీచరమ్మ ఆ రోజు క్లాసు తొందరగా ముగించేసిందట. పెళ్లయి గోదావరిఖని వచ్చాక, తను వెళ్లే చర్చికే వచ్చే డాక్టర్ శాంతిరాజ్ తన క్లినిక్‌కు ఒక ఆడమనిషి సాయం కోసం వెతికారు. రక్తం చూసి భయపడకూడదు, ఎక్కువ ప్రశ్నలు అడగకూడదు, ఇవీ ఆయన షరతులు. మొదటిది కుదిరింది. రెండోది మాత్రం ఎన్నడూ కుదరలేదు.

మొదటి రోజే ఆమె పాదరసం సీసా ఎత్తబోయి ఆగిపోయింది. అరచేతిలో ఇమిడే సీసా, ఎత్తితే ఇనపగుండంత బరువు.

"ఇది నీళ్లా సార్, ఇనుమా?" అని అడిగింది.

"రెండు గాదమ్మా."

"రెండు గానిది మనిషి పంట్లె ఎట్లుంటది మరి?"

"ముందు కల్వం కడుగు," అన్నారు శాంతిరాజ్.

కల్వం కడిగింది. మూడో రోజు వేలికున్న పెళ్లి ఉంగరం తెల్లబడింది. భర్త స్తెఫను దాన్ని చూసి, బంగారం పెట్టి తెచ్చుకున్న పెళ్లాం వెండిదై తిరిగొచ్చిందని వారం రోజులు ఆటపట్టించాడు. పాదరసం బంగారాన్ని పట్టేస్తుందని, నూరేముందు ఉంగరం తీసిపెట్టాలని డాక్టరు అప్పుడు చెప్పారు. చేతులు కడుక్కోమన్నారు, ఆ గదిలో తినొద్దన్నారు. అంతకుమించి చెప్పలేదు. ఆయనకు నేర్పినవాళ్లు కూడా అంతే చెప్పారేమో. సుసన్నాకు మాత్రం ఆ చుక్కల మీద మోజు పోలేదు. గచ్చు మీద పడ్డ చుక్కను కాగితంతో తరుముతుంటే అది రెండవుతుంది, నాలుగవుతుంది, మళ్లీ ఒక్కటవుతుంది. చీపురుకు దొరకదు, పగుళ్లలోకి జారుకుంటుంది. పోయినవి ఎటు పోతాయని ఆమె చాలాసార్లు అడిగింది. ఎవరూ చెప్పలేదు.

పేషెంట్లకు ఏనాడూ కొరత లేదు. బాయిలోకి అగ్గిపెట్టె, బీడీ తీసుకుపోనివ్వరు, లోపల గ్యాసుంటుంది. అందుకని పొగ అలవాటున్నవాడు కూడా దిగే ముందు చెంపలో తంబాకు ముద్ద దాచుకుంటాడు. ఎనిమిది గంటల షిఫ్టు, ముప్పై ఏళ్ల నౌకరి, ఎప్పుడూ అదే చెంప. ఏ చెంప పుచ్చిందో చూసి ఆ మనిషిది ఏ చేతివాటమో చెప్పొచ్చని సుసన్నా ఒక సిద్ధాంతం కనిపెట్టింది. ఎడమ దవడ పోతే కుడిచేతి వాటమట. శాంతిరాజ్ నవ్వి కొట్టిపారేశారు గానీ, ఆమె అడిగి చూసినప్పుడల్లా పదిమందిలో ఏడెనిమిది మంది ఆమె మాటే నిలబెట్టారు.

ఇక కిటికీ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కథ తిరిగేది అక్కడే. గోదావరిఖనిలో ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడమంటే కిటికీలు మూసి ఉంచుకోవడం. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో పేలుడు జరిగిందంటే ఆరేసిన దుప్పటి మీద పడ్డ దుమ్ములో వేలితో పేరు రాయొచ్చు. క్లినిక్ వెనక గదికి ఉన్న ఒక్క కిటికీ బొగ్గు లారీలు పోయే రోడ్డు వైపు ఉంది. ఆ గదిలోనే కల్వం బల్ల, సుసన్నా ముక్కాలిపీట. పొద్దున పరిచిన తెల్లగుడ్డ సాయంత్రానికి నల్లబడుతోందని శాంతిరాజ్ విసుక్కుంటే, ఆమె పాత చీర పీలికలు చించి మైదా జిగురుతో కిటికీ సందులన్నీ అంటించేసింది. ఏటా క్రిస్మస్ సున్నాలప్పుడు పాతవి ఊడబీకి కొత్తవి అంటించేది. బయటి ఊరి నుంచి ఏ డాక్టరు వచ్చినా శాంతిరాజ్ ఆ గదిలోకి తీసుకెళ్లి, బల్ల మీద వేలు రాసి చూపించేవారు. వేలికి మసి అంటేది కాదు. ఆ పొగడ్తకు సుసన్నా మురిసిపోయేది, నిజంగా మురిసిపోయేది.

రెండేళ్ల కిందట శాంతిరాజ్ పని మానుకుని క్లినిక్‌ను డాక్టర్ సంధ్యారాణికి అప్పగించారు. ఆమెకు ముప్పై ఆరేళ్లుంటాయి. ముందు పళ్లకు తెల్ల ఫిల్లింగు చేసేది, వెనక దవడలకు మాత్రం పాత పద్ధతినే వెండి సాగనిచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే సుసన్నా కుడిచెయ్యి వణకడం మొదలైంది. పెద్ద వణుకేం కాదు. టీ కప్పు పట్టుకుంటే సాసరు చప్పుడయ్యేది. పొడి పోస్తుంటే రెండు రవ్వలు బల్ల మీద పడేవి. స్తెఫను అడిగితే షుగరై ఉంటుందంది. షుగరు పరీక్ష చేయిస్తే లేదని వచ్చింది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

డాక్టరుకు అసలే చెప్పలేదు. చెయ్యి వణికే మనిషిని పేషెంటు నోటి దగ్గర ఎవరు నిలబెడతారు? ఆ కుర్చీ పక్క చోటు పోతే తను ఏమవుతుందో సుసన్నా ఊహించుకోలేకపోయింది. అందుకని ఒక ఉపాయం చేసింది. క్లినిక్‌లో సంతోషి అని రెండో సహాయకురాలుంది. ఇరవై తొమ్మిదేళ్లు, బడికి పోయే కొడుకున్నాడు. వెనక గదిలో కల్వం పని ఆమెకు నేర్పింది. నూరేది, పిండేది సంతోషి. తను మూలుగు విని, ముద్దను అందుకుని, వణుకు కనబడకుండా మోచేయి పక్కటెముకలకు ఆనించి డాక్టరుకు అందించేది. ఏడాదిగా ఇదే సాగుతోంది. ముందు గదిలో ఉండే సంధ్యారాణికి ఇంకా సుసన్నాయే నూరుతోందని నమ్మకం.

జనవరి చివర్లో సంతోషి ఒకరోజు కల్వం తుడుస్తూ, "సుసన్నక్కా, నీకొక్కదానికే చెప్తున్న. రెండో నెల," అంది. మూడు నిండేదాకా బయటపెట్టొద్దని అత్త పోశవ్వ ఆర్డరట. సుసన్నా ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. మరునాడు యథాప్రకారం ఇద్దరూ పనిలో పడ్డారు.

ఫిబ్రవరి రెండో వారంలో, మధ్యాహ్నం, సంతోషి అన్నానికి ఇంటికి పోయినప్పుడు సంధ్యారాణి సుసన్నాను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది.

"అక్కా, ఈ నెలాఖరుకు వెండి బంద్ చేద్దామనుకుంటున్న. ఇగ అన్నీ తెల్లవే."

"నా నూరుడు మంచిగ లేదా మేడం?"

"మీ నూరుడు గురించి కాదు, పాదరసం గురించి. పోయిన నవంబర్ల దేశాలన్నీ కూసొని మాట్లాడుకున్నయి. 2034 కల్లా పంట్లె పాదరసం పెట్టుడు ఆగిపోవాలె అని ఒప్పుకున్నరు. టైం ఉన్నది. కానీ ఎట్లైనా ఆపేదాన్ని ఆఖరుదాంక గుంజుడెందుకు?"

సుసన్నా ఊరుకునే మనిషి కాదు గదా. "అంటే ఇన్నేండ్లు మనం మందికి విషం పెట్టినమా?" అని నేరుగా అడిగింది.

సంధ్యారాణి దాటవేయలేదు. "పంట్లె గట్టిపడ్డంక దానితోని పెద్ద భయం లేదక్కా. ఉన్నోళ్లు పీకేసుకోవాల్సిన పని లేదు. అసలు ముచ్చట పన్ను కాడ లేదు, కల్వం కాడ ఉన్నది. నూరేటప్పుడు, పిండేటప్పుడు అది ఆవిరై లేస్తది. కింద పడ్డ చుక్కల్లకెళ్లి గూడ లేస్తది, మన ఎండలకు ఇంక ఎక్కువ లేస్తది. వాసన రాదు, కండ్లకు కనబడది. రోజూ పీల్చేటోళ్లకు మెల్లగ నరాల మీద పడ్తది. చేతులు వణుకుతయి. కడుపుతోటి ఉన్నోళ్లయితే దాని దిక్కే పోవద్దు."

సుసన్నా కుడిచెయ్యి ఒళ్లోంచి తీసి చీర మడతల్లోకి పోనిచ్చింది. పగుళ్లలోకి జారుకున్న చుక్కలు ఎటు పోతాయన్న ప్రశ్నకు ఇన్నాళ్లకు జవాబు దొరికింది. అడిగినందుకు సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. చెయ్యి సంగతి తర్వాత, ముందు సంతోషి గుర్తొచ్చింది.

అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. సంతోషితో ఎందుకు నూరిస్తున్నావని డాక్టరు అడుగుతుంది. చెయ్యి చూపించమంటుంది. ఆపైన ఏం జరుగుతుందో సుసన్నాకు తెలుసు. ఆ సాయంత్రం రెండు వెండి ఫిల్లింగులున్నాయి. రెండూ సంతోషే నూరింది. పక్కన నిలబడి రెండుసార్లూ ఆ మూలుగు వింది సుసన్నా. తన జన్మలో తనమీద తనకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదని తర్వాత ఆమే చెప్పుకుంది.

గంగానగర్‌లో ఇంటికొచ్చేసరికి స్తెఫను గుమ్మం ముందు కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. బాయిలో ఆయన చేసింది గాలి పని. భూమి లోపల గాలి దానంతటది తిరగదు. పైన పెద్ద ఫ్యాను పెట్టి లాగాలి, లోపల దారి పొడవునా పర్దాలు కట్టి మనుషులున్న చోటికి మళ్లించాలి. ఆ పర్దాలు కట్టే గ్యాంగులో ముప్పై ఒక్క ఏళ్లు చేసి నాలుగేళ్ల కింద రిటైరయ్యాడు. ఆయన కట్టిన పర్దా వెనక ఒక్క మనిషికి ఊపిరాడలేదన్న మాట రాలేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు.

"లిల్లీ డాడీ, కనబడని గాలి మనిషిని చంపుతదా?" అని అడిగింది, ఆయన్ని ఎప్పటిలా కూతురి పేరుతో పిలుస్తూ, చెప్పులు కూడా విడవకుండా.

"కనబడనిదే చంపుతది. కనబడితే మనమే ఉరుకుతం గద," అన్నాడాయన పేపరు పక్కన పెడుతూ. "ఏమైంది?"

డాక్టరు చెప్పిందంతా చెప్పింది, షుగరు లేదన్న సంగతితో సహా. సంతోషి సంగతి మాత్రం గొంతులోనే ఉంచుకుంది. స్తెఫను కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. తర్వాత బాయిలో కొత్తవాళ్లను అడిగినట్టు ఒక్కొక్కటే అడిగాడు.

"మీ రూముల గాలి యాడికెల్లి వస్తది?"

"కిటికీ మూసే ఉంటది. దుమ్ము వస్తదని నేనే అంటించిన."

"పోవుడు యాడికెల్లి పోతది?"

ఇన్ని ప్రశ్నలడిగిన సుసన్నా ఈ ఒక్కటి ఎన్నడూ అడగలేదు. నల్లటి దుమ్మును చూసి దుష్మనుకు వేసినట్టు తలుపులేసుకుంది. మిలమిలలాడే చుక్కను చూసి మురిసింది. ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మూతి కాలకుండా ఉంటుందా?

"రేపు పొద్దుగాల తాళంచెవి తీస్కరా. నేనొస్త," అన్నాడు స్తెఫను.

ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన ఆ ఇరవై మెట్లు ఎక్కడం అదే మొదలు. తంబాకు అలవాటు లేదు, పళ్లు గట్టివి. ఎప్పుడూ కిందే స్కూటరు ఆపి ఆమెను దింపి వెళ్లేవాడు. వెనక గదిలోకి వచ్చి నడుమ నిలబడ్డాడు. బల్లను చూశాడు, ముక్కాలిపీటను చూశాడు, చీర పీలికలు అంటించిన కిటికీని చాలాసేపు చూశాడు. చేతి తొడుగుల్లో చల్లే పౌడరు డబ్బా కనబడితే అందులోంచి చిటికెడు తీశాడు. బాయిలో గాలి ఎటు పోతోందో చూడాలంటే ఇదే పద్ధతి. చిటికెడు తెల్ల దుమ్ము ఎత్తులోంచి వదిలితే, గాలి ఉన్నచోట అది పక్కకు వాలుతూ పోతుంది.

బల్ల దగ్గర వదిలాడు. తిన్నగా కింద పడింది. పీట దగ్గర, ఆమె ముక్కు ఉండే ఎత్తులో వదిలాడు. అక్కడా తిన్నగానే పడింది. గది నాలుగు మూలలా చూసి చేతులు దులుపుకున్నాడు.

"ఈడ గాలి సచ్చింది," అన్నాడు. "బాయిల గిట్లుంటే ఆ జాగకు మనిషిని పోనియ్యం. అడ్డంగ కట్టె కట్టేస్తం." ఆ తర్వాత ఆమె పీట వైపు తిరిగాడు. "ఊరోళ్లందరికి గాలి తోలిన. నువ్వు కూసునే కాడికి ఒక్కనాడన్న ఎందుకు రాకపోతినో."

దీపం కింద చీకటంటే అదే. సుసన్నా ఆయన్ని ఓదార్చలేదు, ఆమెకు అంత తీరిక లేదు. మెట్ల మీద సంతోషి చెప్పుల చప్పుడు వినిపిస్తోంది.

సంతోషి లోపలికొచ్చి స్తెఫనుకు నమస్తే చెప్పి, కొంగు బిగించి, సీసా మీద చెయ్యి వేసింది. తొమ్మిదింటికి మొగిలి పన్ను నింపించుకోవడానికి వస్తాడు. నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చే మనిషి, ఆలస్యమైతే కుర్చీలోనే నిద్రపోతాడు.

"ముట్టకు," అంది సుసన్నా.

"మొగిలన్న వస్తడు గదక్కా. నీ చెయ్యి వణుకుతది, నేనే నూరుత తియ్యి."

సుసన్నా ఆమె చేతిలోంచి సీసా తీసుకుని మూత బిగించింది. ఆమెను గది బయటికి తీసుకొచ్చి, పేషెంట్లు కూర్చునే బెంచీ మీద కూర్చోబెట్టి, డాక్టరు చెప్పిన మాటలన్నీ చెప్పింది. నిన్న మధ్యాహ్నమే తెలుసని, తెలిసీ సాయంత్రం ఊరుకున్నానని కూడా చెప్పింది. సంతోషి చెయ్యి తనకు తెలియకుండానే కడుపు మీదికి వెళ్లింది.

"నిన్నటి రెండు గూడ నాతోని నూరిపిచ్చినవా అక్కా?"

"నూరిపిచ్చిన."

సంతోషి బెంచీ మీద కొంచెం పక్కకు జరిగింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది సుసన్నాకు.

కాసేపటికి సంతోషే, "మూడు నిండలే, ఎట్ల చెప్పుడు? అత్తకు తెలిస్తే ఊకుంటదా?" అంది.

"నీ ముచ్చట నువ్వు చెప్పు. నా ముచ్చట నేను చెప్త. అత్తకు నేనొచ్చి చెప్త," అంది సుసన్నా.

సంధ్యారాణి వచ్చేసరికి ముగ్గురూ బెంచీ మీద వరసగా కూర్చుని ఉన్నారు. పేషెంట్లనుకుంది మొదట. సుసన్నా లేచి నిలబడి కుడిచెయ్యి ముందుకు చాపింది. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవడం ఎందుకని, మొదట వణుకు సంగతి చెప్పింది, తర్వాత కల్వంలో నూరేది ఎవరో చెప్పింది. సంతోషి తన మాట తను చెప్పింది. చాచిన చెయ్యి మాటలు అయిపోయేదాకా వణుకుతూనే ఉంది.

డాక్టరు కోప్పడుతుందని ఎదురుచూశారు. ఆమె కోపం తన మీదే ఉన్నట్టుంది. "నా క్లినిక్ల ఎవరు నూరుతున్నరో నాకే తెల్వదు," అంది మెల్లగా. సీసా, కల్వం, రీలు డబ్బా, గుడ్డలు అన్నీ గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టించి తాళం వేసింది. ఆసుపత్రుల చెత్త తీసుకుపోయేవాళ్లకు ఫోన్ చేసి, పాదరసం విడిగా పట్టుకుపోయే ఏర్పాటు చేయమంది. నెలాఖరు దాకా ఆగలేదు. ఆ గంట నుంచే వెండి బంద్. స్తెఫను చాకుతో చీర పీలికలన్నీ కోసి, ఏళ్ల తరబడి పేరుకున్న మైదా గీకి, కిటికీ రెక్కలు రెండూ తీశాడు. మళ్లీ చిటికెడు పౌడరు వదిలి చూశాడు. అది వాలుతూ గుమ్మం వైపు పోయింది.

తొమ్మిదిన్నరకు మొగిలి వచ్చాడు. ఇకమీద వెండి లేదు, తెల్లది పెడతామంటే అనుమానంగా చూశాడు.

"తెల్లది తంబాకుకు ఆగుతదా మేడం?"

"తంబాకు మానితే ఆగుతది," అంది సంధ్యారాణి.

"అట్లయితే అది ఫిల్లింగు గాదు, షరతు," అన్నాడు మొగిలి. అయినా నోరు తెరిచాడు. ఎడమ దవడ.

తెల్ల ఫిల్లింగు ఇంకో రకం పని. పన్ను బొత్తిగా పొడిగా ఉండాలి. కొంచెం కొంచెంగా పొరలు పెట్టి, ఒక్కో పొర మీద నీలం వెలుగు చూపిస్తూ గట్టిపరచాలి. ఆ వెలుగు పట్టుకునే చెయ్యి కదలకూడదు. సుసన్నా అలవాటుగా కుర్చీ పక్కకు వచ్చి దీపం అందుకుంది. నీలం వెలుగు మొగిలి పంటి మీద నిలవకుండా పెదవి మీదికి, మళ్లీ పంటి మీదికి తిరిగింది. సంధ్యారాణి ఆమె చేతిలోంచి దీపం తీసుకుని సంతోషికి ఇచ్చింది. సుసన్నా రెండడుగులు వెనక్కి వచ్చి గోడకు ఆనుకుంది. ఏడుపొచ్చింది, కానీ చూడ్డం మానలేదు. ఆ వెలుగు నీలంగానే ఎందుకుంటుంది, ఎర్రగా ఉంటే గట్టిపడదా అన్న అనుమానం వచ్చింది. పని అయ్యాక అడిగింది కూడా. సంధ్యారాణి ఓపిగ్గా చెప్పింది. ఆ తర్వాత, అంతే ఓపిగ్గా, ఇకమీద కుర్చీ పక్కన సంతోషే ఉంటుందని, సుసన్నా ముందు బల్ల దగ్గర పేషెంట్లను చూసుకోవాలని చెప్పింది. సుసన్నా సరేనంది. ఆ చోటు అట్లా పోయింది.

ఆ సాయంత్రమే సుసన్నా, సంతోషిల మూత్రం సీసాలు హైదరాబాదు ల్యాబుకు వెళ్లాయి. ఒంట్లో పాదరసం ఎంతుందో దాన్నిబట్టి తెలుస్తుందట. పది రోజులు పడుతుందన్నారు. కిటికీ తెరిచాక కూడా సంతోషి ఆ వెనక గదిలోకి అడుగుపెట్టకుండా పనిచేసింది. అన్న మాట ప్రకారం సుసన్నా పోశవ్వ దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకుంది. పోశవ్వ తిట్టాల్సినవన్నీ తిట్టి, చివరికి చాయ్ పోసింది. సుసన్నా చేతిలో సాసరు చప్పుడవుతుంటే ముసలామె కళ్లు దాని మీదే ఉండిపోయాయి. "నీది గూడ చూపిచ్చుకోరాదు బిడ్డా," అంది.

ఆ పది రోజులూ ముందు బల్ల దగ్గర కూర్చుని సుసన్నా పేషెంట్ల బుర్రలు తినేసింది. ఎవరి నోట్లో తన వెండి ఉందో, ఏ సంవత్సరం పెట్టించుకున్నారో, నొప్పి ఉందా, రుచి మారిందా అని అడిగింది. ఒకతను పద్దెనిమిదేళ్లయింది, చెక్కు చెదరలేదన్నాడు. ఆమెకు గర్వమూ కలిగింది, సిగ్గూ కలిగింది. ఈ రెండూ ఒకేసారి ఒకే కడుపులో ఎట్లా పడతాయో ఆమెకు అర్థం కాలేదు. రాత్రి ప్రార్థనలో మాత్రం సంతోషి సీసా గురించే అడిగేది, తన దాని ఊసెత్తేది కాదని స్తెఫను గమనించాడు.

పదకొండో రోజు ఉదయం సంధ్యారాణి ఫోన్‌కు రిపోర్టులు వచ్చాయి. ఆమె ఇద్దరినీ లోపలికి పిలిచింది.

"సుసన్నక్కా, మీది—"

"నాది తర్వాత. ముందు ఆ పిల్లది చూడుండ్రి మేడం."

సంధ్యారాణి వేలితో తెర జరిపింది. "ఆరు," అంది. "వాళ్లు ఇరవై దాంక హద్దు అని రాసిండ్రు. లేడీ డాక్టరుకు గూడ చూపిద్దాం, కానీ ఇది తక్కువే. సంతోషీ, ఫికర్ పెట్టుకోకు."

సంతోషి కుర్చీలో ముందుకు వంగి ముఖం చేతుల్లో దాచుకుంది.

"మీది ముప్పై మూడు అక్కా. ఎక్కువున్నది, ఇరవై ఎనిమిదేండ్లు పీలిస్తిరి గదా. వణుకు దీనివల్లనే అని ఈ కాగితం చెప్పది, కాదని గూడ చెప్పది. ఇగ పీల్చరు గదా, మెల్లగ దిగుతది. మూడు నెలలకు మళ్ల చూద్దాం. వరంగల్ల నరాల డాక్టరుకు రాసిస్త."

"మళ్లొక్కసారి చెప్పుండ్రి మేడం. ఎక్కువున్నది నాదే గదా?"

"మీదే."

"నెంబర్లు తారుమారు గాలే గదా? పేర్లు చూసిండ్రా?"

సంధ్యారాణి ఫోన్ ఆమె ముందు పెట్టింది. సుసన్నా కళ్లద్దాలు పెట్టుకుని, వణికే వేలితో ఒక్కొక్క అక్షరం మీద ఆగుతూ రెండు పేర్లూ చదివింది. ముప్పై మూడు ఎదురుగా తన పేరే ఉంది.

"నాదే," అంది. అప్పుడు గానీ ఆమెకు ఊపిరి తిరగలేదు.